ఉద్యమ పాట డాక్యుమెంటరీలోకి వచ్చినప్పుడు: ఒక ఎడిటర్ సమాధానం

మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ఇది. మీ ప్రాంతంలో భూసేకరణకు వ్యతిరేకంగా రెండేళ్లుగా సాగుతున్న ఆందోళనలో మీరు స్వయంగా పాల్గొంటున్నారు, దాని మీదే డాక్యుమెంటరీ కూడా తీస్తున్నారు. ఇంతవరకు తీసిన ఫుటేజ్‌లో సగానికి పైగా డప్పు దళం పాటలు, వీధి నాటికలు ఉన్నాయి. ఇన్ని పాటలు పెడితే అది ప్రచార చిత్రం అవుతుందే తప్ప డాక్యుమెంటరీ అనిపించుకోదని ఒక మిత్రుడు అన్నారు. పాటలను నేపథ్యంలోకి నెట్టి, వాటి స్థానంలో ఇంటర్వ్యూలు పెట్టమని మరొకరు సలహా ఇచ్చారు. ఇరవై అయిదేళ్లుగా డాక్యుమెంటరీల ఎడిటింగ్‌లో, అప్పుడప్పుడు చిత్రీకరణలో ఉన్నవాడిగా ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

పాటలను తీసివేయకండి. అయితే వాటిని మీ సినిమాకు సంగీతంగా మాత్రం వాడుకోకండి. ఒక ఊరి మనిషి ఫలానా రోజున, ఫలానా చోట, ఫలానా వాళ్ల ఎదుట నిలబడి గొంతెత్తడం కూడా ధర్నా లాగా, లాఠీచార్జి లాగా ఆ ఉద్యమంలో జరిగిన ఒక సంఘటనే. లాఠీచార్జిని తీసేటప్పుడు ఎవరు కొట్టారు, ఎవరు దెబ్బ తిన్నారు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి తెరపై కనిపించాలని మనం ఎంత పట్టుదలగా ఉంటామో, పాటను తీసేటప్పుడు కూడా అంతే పట్టుదలగా ఉండాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. మిగిలిన వివరణ దీని నుంచి వచ్చేదే.

ఈ సంగతి నాకు నా పొరపాటు వల్ల తెలిసింది. నేను కూర్చిన తొలి సినిమాలలో ఒకదానిలో, తెలంగాణలోని ఒక పల్లెలో ముంపు బాధితుల సభలో ఒకామె పాడిన అయిదు నిమిషాల పాట ఉంది. పాట మీద బొమ్మలు పరచడమే ఎడిటింగ్ నేర్పు అనుకునే రోజులవి. అందుకని ఆమె గొంతు వినిపిస్తుండగా బీడు పొలాలు, కూలిన గోడలు, పసిపిల్లల కళ్లు, సాయంకాలపు ఆకాశం వరుసగా వేసుకుంటూ పోయాను. ఆమె ముఖం మొత్తం మీద పదిహేను సెకన్లు ఉండి ఉంటుంది. ఆ సినిమాను అదే ఊళ్లో వేసినప్పుడు ఆమె చివరిదాకా కూర్చుని చూసి, తర్వాత నా దగ్గరికి వచ్చి, “అన్నా, గొంతు నాదే గని, నేను ఎవరి ముంగట పాడిన్నో అది లేకపాయె గదా” అంది. ఆ సభలో ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నది సర్వే పని మీద వచ్చిన అధికారి. ఆమె ఆయన వైపే చూస్తూ పాడింది. రెండో చరణం దగ్గర ఆయన తల దించుకుని ఒళ్లోని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఆ షాట్ నా రషెస్‌లో, అంటే ఎడిట్ చేయని ముడి ఫుటేజ్‌లో, ఉంది. ఫ్రేము కదిలిందన్న కారణంతో దానిని నేను పక్కన పెట్టాను. అందమైన ఆకాశం కోసం ఆ రోజు జరిగిన అసలు సంగతిని కోసి పారేశానని ఆమె మాటతో గాని నాకు తెలియలేదు.

ఈ విషయంలో మన దేశంలో ఎవరి పని చూసి నేర్చుకోవాలని మీరు అడిగితే, ఆనంద్ పట్వర్ధన్ 2011లో పూర్తి చేసిన డాక్యుమెంటరీ ‘జై భీమ్ కామ్రేడ్’ను ముందు చూడమంటాను. ఒకసారి కథ కోసం చూడండి, రెండోసారి ఒక్కొక్క పాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసుకుంటూ చూడండి. 1997 జూలై 11న ముంబయిలోని ఘాట్‌కోపర్ ప్రాంతంలో, రమాబాయి అంబేడ్కర్ నగర్ అనే దళిత బస్తీలో, అంబేడ్కర్ విగ్రహానికి ఎవరో చెప్పుల దండ వేశారు. నిరసనగా బయటికి వచ్చిన జనం మీద పోలీసులు జరిపిన కాల్పులలో 10 మంది చనిపోయారు. విలాస్ ఘోగ్రే అనే కవి గాయకుడు ఆ మరణాలు తట్టుకోలేక, కొద్ది రోజులకే నిరసనగా ఉరి వేసుకుని ప్రాణం తీసుకున్నారు. పట్వర్ధన్‌కు ఆయన కొత్తవాడు కాదు. ముంబయి మురికివాడల కూల్చివేతల మీద 1985లో తీసిన ‘హమారా షహర్’లో ఘోగ్రే పాట ఉంది. అలా పరిచయమైన మనిషి చావుతో మొదలైన సినిమాకు 14 ఏళ్లు పట్టింది.

ఘోగ్రే పాట ఈ సినిమాలోకి మళ్లీ వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో గమనించండి. పాట పాతదే, గొంతూ పాతదే. 1985లో అది ఇల్లు కూలినవాళ్ల తరఫున ఒక గాయకుడు చెప్పిన కథ. 2011లో అదే పాట, చనిపోయిన మనిషి మనకు వదిలి వెళ్లిన వాంగ్మూలం. ఎర్రజెండా సాంస్కృతిక దళంలో పనిచేసి, ఆ దళం నుంచే వెలికి గురైన ఘోగ్రే, ఉరి వేసుకునే ముందు తలకు అంబేడ్కర్‌వాదుల రంగైన నీలి గుడ్డ చుట్టుకున్నారు. కామ్రేడ్ అని పిలిపించుకున్న మనిషి చివరి క్షణంలో తన జై భీమ్‌ను అలా చాటుకున్నారు. సినిమా పేరులో ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎందుకు ఉన్నాయో, వాటి మధ్య ఎంత ఎడం ఉందో ఆ నీలి గుడ్డ దగ్గర తెలుస్తుంది. ప్రదర్శన అంటే వేదిక మీద జరిగేదే అనుకోకూడదని నేను అక్కడే నేర్చుకున్నాను.

ఈ సినిమాలో పాట ఒక్కటే లేదు. గ్యాస్ ట్యాంకర్లకు జనం నిప్పు పెట్టబోతుంటే కాల్చవలసి వచ్చిందని పోలీసులు చెప్పారు. విచారణ జరిపిన గుండేవార్ కమిషన్ ఆ కాల్పులను సమర్థించలేదు. కాల్పుల కేసులో ఒక పోలీసు అధికారికి 2009లో సెషన్స్ కోర్టు జీవిత ఖైదు విధించింది, ఆ తర్వాత ఆయన బెయిలు మీద బయటికి వచ్చాడు. ఈ సాక్ష్యాల పరిశీలనను, చనిపోయినవాళ్ల ఇళ్లలో జరిగిన సంభాషణలను, షాహీర్ల (మరాఠీ ప్రజా గాయకుల) పాటలను పట్వర్ధన్ ఒకే నేల మీద కూర్చోబెట్టాడు. పాట వచ్చిందని సాక్ష్యాన్ని వదిలేయలేదు, సాక్ష్యం గట్టిగా ఉందని పాటను కత్తిరించలేదు. మీ మిత్రుడు అంటున్న ప్రచార చిత్రానికీ దీనికీ తేడా నా లెక్కన ఇక్కడ ఉంది. ప్రచార చిత్రంలో సాక్ష్యం లోటును పాట పూడుస్తుంది, వాదన బలహీనపడిన చోట డప్పు మోత పెరుగుతుంది. మీ కట్ చూసుకునేటప్పుడు ప్రతి పాట దగ్గర ఆగి, ఇక్కడ నేను ఏదైనా నిరూపించలేక ఈ పాట వేశానా అని అడగండి. అవును అని తోస్తే పాటను జరిపి, ఆ లోటును కాగితాలతోనో మనుషుల మాటలతోనో పూరించండి.

పాట అర్థం దాని మాటలలో ఎంత ఉందో, పాడిన చోటులో అంతకు తక్కువ లేదనడానికి వీధి నాటక కళాకారుడు సఫ్దర్ హష్మీ ఉదంతం కంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోని ఝండాపూర్‌లో కార్మికుల ముందు ఆయన దళం జన నాట్య మంచ్ నాటకం ఆడుతుండగా దుండగులు దాడి చేశారు. ఆ దెబ్బలతో హష్మీ మర్నాడు చనిపోయారు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ, దళంలోని మిగిలినవాళ్లు అదే చోటికి తిరిగి వెళ్లి, ఆగిపోయిన నాటకాన్ని పూర్తిగా ఆడారు. అవే సంభాషణలు, అదే నేల. అయినా జనవరి 1న ఆడినదీ 4న ఆడినదీ ఒకే నాటకం అని ఎవరూ అనలేరు. కెమెరా పట్టుకున్నవాడు సంభాషణల మీదే దృష్టి పెట్టి ఉంటే ఆ తేడా అతనికి చిక్కదు. చుట్టూ చేరిన జనం ముఖాలు, వాళ్లు నిలబడిన దూరం, మొదటి మాటకు ముందు ఉన్న నిశ్శబ్దం, వీటిలోనే ఆ తేడా ఉంటుంది.

మన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి బుర్రకథను పల్లెపల్లెకూ తీసుకువెళ్లినప్పుడు, నాజర్ వంటి కళాకారులు దానిని పట్టుకుని నడిచినప్పుడు, ప్రభుత్వం ఆ ప్రదర్శనలను నిషేధించేంత దూరం వెళ్లింది. కథ వినోదం మాత్రమే అయితే నిషేధం అవసరం ఉండదు. బుర్రకథ నిర్మాణాన్ని మీరు ఒకసారి ఎడిటర్ కళ్లతో చూడాలని నా కోరిక. నడుమ కథకుడు తంబురాతో నిలబడతాడు. ఇరుపక్కలా డక్కీలతో ఇద్దరు వంతలు ఉంటారు. వాళ్లలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం చెబుతారు. కథ నడుస్తుండగానే ప్రశ్న పుడుతుంది, ఆక్షేపణ పుడుతుంది, ఆనాటి ఊరి సంగతి వచ్చి చేరుతుంది. డాక్యుమెంటరీలో మనం వ్యాఖ్యాత గొంతుతో చేయించే పని అంతా అక్కడ వంతలు చేసేస్తున్నారు. మీ దళం ఆడే నాటికలో అటువంటి వంత ఉంటే, అతను ప్రేక్షకులతో మాట్లాడే భాగాలను కత్తిరించకండి. మీరు విడిగా రాసుకున్న వ్యాఖ్యానంలో సగం అనవసరమవుతుంది, మిగిలిన సగం కూడా ఊరి నోటితో వచ్చినందువల్ల బలపడుతుంది.

గద్దర్ గురించి రాయకుండా ఈ విషయం తెలుగులో మాట్లాడలేము. కాల్పనిక చిత్రమే అయినా ‘మాభూమి’లో ఆయన తెరపై నిలబడి ‘బండెనక బండి కట్టి’ పాడిన ఘట్టం, పాటను పాడే మనిషితో సహా చూపించడం ఎట్లాగో రెండు తరాలకు నేర్పింది. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంట్లోనే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా 2023లో ఆయన చనిపోయేవరకు ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. ఏప్రిల్‌లో ఇక్కడ ఆ కాల్పులు, జూలైలో ముంబయిలో ఘోగ్రే మరణం, రెండూ ఒకే ఏడాది మూడు నెలల తేడాలో జరిగాయి. ఆ ఏప్రిల్ తర్వాత గద్దర్ గోచీ, గొంగడితో వేదిక ఎక్కి గజ్జె కట్టి ఆడిన ప్రతిసారీ, చూసేవాళ్ల మనసులో ఆ తూటా కూడా ఉండేది. మీ దళంలో పాడేవాళ్లకు ఏ కేసు ఉందో, ఎవరి భూమి పోయిందో, ఎవరి ఇంట్లో ఈ పాట విషయంలో గొడవ జరుగుతోందో మీ ప్రేక్షకుడికి ముందుగా తెలిసి ఉంటే, అదే పాట రెండింతల బరువుతో వినిపిస్తుంది. కనుక పాటకు ముందు ఆ మనిషి ఇంటికి వెళ్లండి.

పాట కాని ప్రదర్శనలను కూడా వదలకండి. 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హాస్టళ్ల నుంచి బహిష్కృతులైన అయిదుగురు దళిత విద్యార్థులు, పరుపులూ సామానూ అంబేడ్కర్ చిత్రపటమూ మోసుకుని బయటికి వచ్చి, ఆవరణలోని దుకాణ సముదాయం దగ్గర గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టడమే ఒక నటన లేని నాటకం. ఊరి చివర ఎవరో గీసిన గీతను విశ్వవిద్యాలయం నడిబొడ్డున తామే గీసి, ఇప్పుడు చూడండి అన్నారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల అంబేడ్కర్ పటం పట్టుకుని నడుస్తున్న ఛాయాచిత్రం ఆ నెల 17న అతను చనిపోయిన తర్వాత దేశమంతా చూసింది. ఆ ఉద్యమాన్ని దీపా ధన్‌రాజ్ 2018లో వచ్చిన ‘వి హావ్ నాట్ కమ్ హియర్ టు డై’లో నమోదు చేశారు. మీ ఊళ్లో కూడా ఇటువంటివి జరిగే ఉంటాయి. సర్వే రాళ్లకు పసుపు కుంకుమ పెట్టి పీకివేయడం, నోటీసు కాగితాలకు పాడె కట్టడం, కలెక్టరేట్ ముందు వంటావార్పు, ఇవన్నీ ఆలోచించి చేసిన ప్రదర్శనలే. వీటికి దర్శకులు ఎవరో, ఆ ఆలోచన ఎవరికి వచ్చిందో, దాని గురించి ముందు రోజు రాత్రి ఏమి వాదించుకున్నారో తెలుసుకుని తీయగలిగితే మీ సినిమా ఇంకొక మెట్టు ఎక్కుతుంది.

ఇక పక్షపాతం అన్న ఆరోపణ. మీరు ఆ ఉద్యమంలో మనిషి. ఆ సంగతిని దాచి మధ్యస్థుడి గొంతు తెచ్చిపెట్టుకుంటే మొదటి పది నిమిషాలలోనే ప్రేక్షకుడు పసిగడతాడు. మీరు ఎక్కడ నిలబడి తీస్తున్నారో సినిమాలో స్పష్టంగా ఉండనివ్వండి; మీ ప్రశ్న వినిపించనివ్వండి, మీ చేయి ఫ్రేములోకి వస్తే రానివ్వండి. అంతకంటే ముఖ్యమైనది, మీకు ఎదురైన ప్రశ్నను కూడా ఉంచడం. ‘హమారా షహర్’లో ఒక స్త్రీ, మమ్మల్ని ఫోటోలు తీసి పేరు తెచ్చుకోవడం తప్ప మీరు మాకు చేసేదేమిటని కెమెరా పట్టుకున్నవాళ్లను నిలదీస్తుంది. పట్వర్ధన్ ఆ దృశ్యాన్ని తీసేయలేదు. ఆ ఒక్క దృశ్యం వల్ల మిగిలిన సినిమా అంతటినీ మనం నమ్ముతాము. మీ రషెస్‌లో కూడా ఎవరో ఒకరు మిమ్మల్ని ఇలా నిలదీసి ఉంటారు, లేదా భూమి ఇచ్చేసిన రైతు ఒకరు తన కారణం చెప్పి ఉంటారు. ఉద్యమానికి నష్టం కలుగుతుందేమోనని వాటిని పక్కన పెట్టి ఉంటే, దయచేసి మళ్లీ టైమ్‌లైన్ మీదికి తెచ్చి చూడండి.

సినిమా తీసేవాళ్లే నటులుగా మారే పద్ధతి కూడా ఒకటి ఉంది. మీకు ఆ ఆలోచన ఉన్నట్లు ప్రశ్నలో ఒక వాక్యం చూసి ఇది రాస్తున్నాను. భోపాల్ దుర్ఘటనకు 20 ఏళ్లు నిండిన 2004 డిసెంబర్ 3న, అమెరికాకు చెందిన యెస్ మెన్ అనే బృందంలోని ఒకరు, యూనియన్ కార్బైడ్‌ను కొనుక్కున్న డౌ కంపెనీ ప్రతినిధిగా బీబీసీలో కనిపించి, కంపెనీ పూర్తి బాధ్యత స్వీకరిస్తోందని, బాధితులకు 1200 కోట్ల డాలర్లు చెల్లిస్తుందని ప్రకటించాడు. అది నటన అని తేలేలోగా ఆ కంపెనీ షేరు పడిపోయింది, న్యాయం చేస్తే మార్కెట్ ఎలా శిక్షిస్తుందో ప్రపంచమంతా చూసింది. అయితే కొద్ది గంటల పాటు భోపాల్ బాధితులు కూడా ఆ వార్తను నమ్మారన్న విమర్శ వచ్చింది, ఆ బృందం తర్వాత భోపాల్ వెళ్లి బాధితులను కలిసి, ఆ భాగాన్ని కూడా తమ సినిమాలో పెట్టుకుంది. ఇటువంటి పని చేయదలిస్తే, మోసపోయేది అధికారంలో ఉన్నవాడా, మీ పక్షం మనిషా అన్నది ముందే తేల్చుకోండి. జరిగిన హింసను బాధితుల చేత మళ్లీ నటింపజేయడం మాత్రం వద్దనే నా సలహా. ఇండోనేసియాలో 1965–66 నాటి హత్యాకాండ మీద 2012లో వచ్చిన ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’లో తాము చేసిన హత్యలను తిరిగి నటించి చూపినవాళ్లు ఆ హంతకులే. ఆ బరువు మోయవలసినవాళ్లు వాళ్లే కనుక ఆ సినిమాలో ఆ పద్ధతి న్యాయమైంది.

చిత్రీకరణ గురించి కొన్ని పని మాటలు. డప్పు దళం పాటకు ముందు గడ్డి మంట వేసి డప్పు కాచుతుంది. అక్కడి నుంచే కెమెరా తిరగాలి. నేను ఈ మధ్య కూర్చిన ఒక సినిమాలో అరవై ఏళ్ల కళాకారుడు ఒకరు మంట సెగకు డప్పును తిప్పుతూ, మధ్యమధ్య వేలితో చర్మం మీద తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటూ, ఇంకా కాలేదని తల అడ్డంగా ఊపి మళ్లీ సెగకు పెట్టే షాట్ నలభై సెకన్లు ఉంది. ఆయన వెనుక, మసక వెలుతురులో, పోలీసు జీపు వచ్చి ఆగుతుంది. ఆయన తల తిప్పి చూసి, మళ్లీ డప్పు వైపు తిరిగి వేలితో తట్టాడు. ఆ తర్వాత కుడి చేతిలోకి సిర్ర, ఎడమ చేతిలోకి చిటికెన పుల్ల తీసుకున్నాడు. ఆ సినిమాలో భయం గురించి, తెగింపు గురించి ఇంకెవరినీ అడగవలసిన అవసరం మాకు రాలేదు.

ధ్వని విషయంలో చాలామంది ఒకటే తప్పు చేస్తారు. డప్పు మోతకు తగ్గట్టు రికార్డర్ స్థాయి తగ్గిస్తారు, దానితో గొంతు పాతాళంలోకి పోతుంది. గొంతుకు ఒక మైకు, డప్పులకు దూరంగా ఇంకొకటి, జనం వైపు తిప్పి మూడోది పెట్టి, వేర్వేరు ట్రాకులుగా తీసుకోండి. జనం ట్రాకు లేకపోతే కోరస్ అందుకున్నవాళ్లు ఎందరో, అందుకోని వాళ్లు ఎవరో ప్రేక్షకుడికి ఎప్పటికీ తెలియదు. రెండు కెమెరాలు ఉంటే రెండోది పూర్తిగా వినేవాళ్లకు కేటాయించండి. ఒక్కటే ఉంటే, పల్లవి మళ్లీ వచ్చే చోట్ల ధైర్యంగా గాయకుడి మీద నుంచి జనం మీదికి తిరగండి. మధ్యలో కదిలిన ఫ్రేము గురించి బాధపడకండి. దళాన్ని ఎండ బాగున్న చోటికి పిలిచి కెమెరా కోసం మళ్లీ పాడించుకుంటే, అది మళ్లీ పాడించుకున్నదని సినిమాలో తెలిసేలా ఉంచండి.

ఎడిటింగ్‌లో ఎంత ఉంచాలన్న మీ ప్రశ్నకు నా సమాధానం ఇది. సినిమా మొత్తంలో రెండు లేదా మూడు పాటలను పూర్తిగా, మొదటి శ్రుతి నుంచి పాట ఆగిన తర్వాతి క్షణాల దాకా ఉంచండి. మిగిలినవాటిలో ఒక చరణమో, ఒక పల్లవో చాలు. పాట ముగియగానే కట్ చేయకండి. చివరి దెబ్బ తర్వాత డప్పు కింద పెట్టి నీళ్లు తాగే మనిషి, చప్పట్లు కొట్టాలా వద్దా అని పక్కవాళ్లను చూసే జనం, ఎవరో పిల్లవాడు అదే దరువును రేకు డబ్బా మీద మొదలుపెట్టడం, ఇవి పాటలో భాగాలే. ఇతర భాషల ప్రేక్షకుల కోసం సబ్‌టైటిల్స్ వేసేటప్పుడు పల్లవిని మొదటిసారి మాత్రమే అనువదించి, తర్వాత అది వచ్చినప్పుడు తెర ఖాళీగా వదిలేయండి. అప్పుడు వాళ్లు చదవడం ఆపి ముఖాలు చూస్తారు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కోరేది పాడినవాళ్ల భద్రత. ‘జై భీమ్ కామ్రేడ్’లో కనిపించే పుణే యువకుల దళం కబీర్ కళా మంచ్. 2011లో ఆ దళం మీద ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం కింద కేసులు వచ్చాయి. కొందరు అరెస్టయ్యారు, కొందరు అజ్ఞాతంలోకి వెళ్లారు. 2013 ఏప్రిల్ 2న ఆ దళంలోని శీతల్ సాఠే, సచిన్ మాలీ ముంబయిలో విధాన్ భవన్ ఎదుట పాటలు పాడుతూ వచ్చి, ఇది లొంగుబాటు కాదని, సత్యాగ్రహమని చెప్పి పోలీసుల ముందుకు వెళ్లారు. అప్పటికి శీతల్ గర్భవతి. ఆమెకు ఆ ఏడాదే బెయిలు వచ్చింది, మాలీకీ మరో ఇద్దరికీ సుప్రీంకోర్టు నుంచి బెయిలు రావడానికి 2017 దాకా పట్టింది, ఆ ఇద్దరినీ 2020లో మరో కేసులో మళ్లీ అరెస్టు చేశారు. సినిమా తీసినవాడికి పురస్కారాలు వచ్చే కాలంలోనే పాడినవాళ్లకు జైలు రావచ్చునన్న ఈ నిజాన్ని మీ దళంతో ముందే కూర్చుని మాట్లాడండి. చిత్రీకరణ నాడు తీసుకున్న అంగీకారం ఎప్పటికీ చెల్లుతుందనుకోకండి. కట్ పూర్తయ్యాక చూపించి మళ్లీ అడగండి. పరిస్థితి మారి ఎవరైనా తమ ముఖం వద్దంటే, ఆ షాట్ మీ సినిమాకు ప్రాణమే అయినా తీసివేయండి. ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’ చివర పేర్ల వరుసలో ఇండోనేసియా సిబ్బందిలో అనేకుల పేర్ల స్థానంలో అనామకుడు అనే మాట ఉంటుంది. సినిమా కోసం పనిచేసినవాళ్లు కూడా అలా తప్పుకోవచ్చునని మీ సిబ్బందికి చెప్పండి. వాడని రషెస్‌ను రెండు డిస్కులలో, రెండు వేర్వేరు ఊళ్లలో ఉంచండి, సభకు ఎవరెవరు వచ్చారో చూపే వైడ్ షాట్లను ఎవరికీ పంచకండి.

పాటల మీద హక్కుల సంగతి కూడా తెలుసుకోవాలి. బాణీ జానపదమే అయినా మాటలు రాసినవారు సాధారణంగా ఒకరు ఉంటారు. వారిని వెతికి పట్టుకుని అనుమతి తీసుకుని, పేరు వేయండి. మన కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ ప్రదర్శకులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. సినిమాలో చేర్చడానికి ఒకసారి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక వాళ్ల చేతిలో మిగిలేది తక్కువ గనుక, ఆ కాగితాన్ని తెలుగులో రాసి, చదివి వినిపించి, ఆదాయం వస్తే దళానికి ఎంత వాటా అన్నది అందులోనే పెట్టండి. బహిరంగ ప్రదర్శనకు డాక్యుమెంటరీకి కూడా సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. పట్వర్ధన్ 2002 నాటి ‘వార్ అండ్ పీస్’కు కోతలు చెప్పినప్పుడు ఆయన బొంబాయి హైకోర్టుకు వెళ్లి, కోతలు లేకుండానే సర్టిఫికెట్ సాధించుకున్నారు. చిత్రోత్సవాలకు కేంద్ర సమాచార శాఖ మినహాయింపు ఇవ్వాలి. 2017లో కేరళ డాక్యుమెంటరీ ఉత్సవంలో రోహిత్ వేముల మీద తీసిన ఒక చిత్రానికి ఆ మినహాయింపు నిరాకరించారు. సెన్సార్ నిర్ణయాల మీద అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు కనుక ఇప్పుడు అభ్యంతరం ఉంటే నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. దానికి పట్టే కాలాన్నీ డబ్బునూ ఇప్పటి నుంచే లెక్కలో వేసుకోండి.

మొదటి ప్రదర్శన మాత్రం మీ ఊళ్లోనే పెట్టండి, తెర ముందు నేల మీద అందరితోపాటు దళాన్ని కూర్చోబెట్టండి. మీరు తెర వైపు కాకుండా జనం వైపు తిరిగి కూర్చుని, వాళ్లు ఏ పాట దగ్గర గొంతు కలిపారో, ఏ పాట దగ్గర ఒకరితో ఒకరు మాటల్లో పడ్డారో నోటుబుక్కులో రాసుకోండి. ఆ రాత్రి దళాన్ని సినిమాకు ముందు పాడమనకండి. సినిమా అయ్యాక, దీపం పెట్టి, వాళ్లకు ఇష్టమైతే పాడమనండి. అప్పుడు వాళ్లు మీ సినిమాలో ఉన్న పాటే ఎంచుకుంటారో, మీరు తీయకుండా వదిలేసిన పాట ఎంచుకుంటారో చూసి, ఫైనల్ కట్‌కు కూర్చోండి.